ఆకులున్న సర్వె కట్టె

సర్వె కట్టె గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో, కొత్తపేటలో మేడలు లేస్తున్న కాలంలో తట్టలు మోసినదాన్ని. స్లాబు పోసేటప్పుడు కింద వరుసగా నిలబెట్టేవి సర్వె కట్టెలు. గోడకు సున్నం వేసేవాళ్లు ఎక్కి నిలబడేవి సర్వె కట్టెలు. పెళ్లి పందిరికీ అవే, ధర్నా టెంటుకూ అవే. కొమ్మలు కొట్టేసి లారీల మీద కోస్తా నుంచి వచ్చేవి. దానికి ఆకు ఎలా ఉంటుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. తల మీద ఇటుకలు ఉన్నప్పుడు మనిషి ఆకు గురించి ఆలోచించడు.

కోడలు మా ఇంటికి వచ్చాక మొదటి డిసెంబరు అది. "మా ఊళ్లో క్రిస్మస్‌కి సరుగుడు చెట్టు పెడతాం అత్తయ్యా, నిజం చెట్టు" అంది ఒకరోజు. సరుగుడంటే ఏందని అడిగాను.

"గదే అమ్మా, సర్వె" అన్నాడు నా కొడుకు.

"సర్వె కట్టెనా? కట్టెకు ఏం సోకు చేస్తరు బిడ్డా? సున్నమేస్తరా?"

కోడలు నవ్వలేదు. ఆ రోజుల్లో ఆమెకు నవ్వు తక్కువైంది. కారణం వాళ్ల నాన్న.

కోడలిది బాపట్ల అవతల సముద్రం పక్కన ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. నా కొడుకు ట్రాలీ ఆటోలో ఆ దవాఖానకు ఆక్సిజన్ సిలిండర్లు వేసేవాడు. ఆమె సంతకం పెట్టి దింపుకునేది. అలా దింపుకుంటూ దింపుకుంటూ చివరికి వాడినీ దింపుకుంది. రెండు వైపులా చర్చికి పోయేవాళ్లమే కాబట్టి పెద్ద గొడవ కాలేదు. ఎండాకాలంలో పెళ్లి చేశాం. డిసెంబరుకు ఆమెకు అయిదో నెల.

అదే డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు. టపాసులు కాల్చాం. తర్వాత చూద్దామన్నారు. ఇక రోజుకో బందు, పూటకో రాస్తారోకో. మాది ఎల్బీ నగర్ పక్క సందులో కిరాయి ఇల్లు. చౌరస్తాలో ఎవరు నినాదమిచ్చినా మా వంటింట్లో వినిపించేది. అన్నం వార్చేటప్పుడు నేనూ లోపలి నుంచి జై కొట్టేదాన్ని.

కోడలి నాన్న ఆర్టీసీలో కండక్టరు చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయింది. ఇంట్లో ఆయనా, టీవీ. ఆ టీవీలో వాళ్లు ఒకే బస్సును పొద్దున్నుంచి సాయంత్రం దాకా తగలబెట్టేవాళ్లు. ఆయన ప్రతిసారీ కొత్త బస్సు అనుకునేవాడు. రోజూ ఫోను. "అమ్మలూ, అక్కడ ఉండొద్దు. వచ్చెయ్. ఉద్యోగం ఇక్కడా దొరుకుతుంది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా."

చివరికి, క్రిస్మస్‌కు తానే వస్తున్నానని, పండగ కాగానే కూతుర్ని వెంటబెట్టుకుని పోతానని చెప్పేశాడు. కోడలు ఫోను పెట్టేసి బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. అవి రాళ్లు లేని బియ్యం.

నాకు ఆమె పోవడం ఇష్టం లేదు. ప్రేమా గీమా అని చెప్పను. నాకు చదువు ఆగిపోతుంది. అంతకుముందు చర్చిలో అందరితోపాటు పాటల పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. పాటలు నోటికి వచ్చు కాబట్టి పాడేదాన్ని. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని అన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. చూసే ఉంటారు. కోడలు వచ్చిన మొదటి ఆదివారమే నా చేతిలో పుస్తకాన్ని మెల్లగా తిప్పి పెట్టింది. ఆ సాయంత్రం పలక కొనుక్కొచ్చింది. జుట్టు నెరిసిన తర్వాత అఆలు దిద్దాను. డిసెంబరుకు ఒత్తుల దగ్గర ఉన్నాను. ఒత్తుల దగ్గర వదిలేసి పోతే మనిషి ఎటూ కాకుండా పోతాడు.

అయితే ఉండిపొమ్మని అడగదలచుకోలేదు. కడుపుతో ఉన్న పిల్లను, తండ్రి పిలుస్తుంటే, నా ఒత్తుల కోసం ఆపుతానా? అందుకని వేరే దారి చూశాను. ఆ పెద్దమనిషి మా ఇంట్లో కాలు పెట్టగానే, ఇక్కడ నా కూతురికి తక్కువేమీ లేదు అనుకోవాలి. ఆ మాట ఆయనంతట ఆయనకే తట్టాలి.

తక్కువైంది ఏదో నాకు తెలుసు. చెట్టు. మా ఇంట్లో ఉన్న క్రిస్మస్ చెట్టు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్నది. గొడుగులా ముడుచుకుంటుంది. ఆకులు సీసాలు కడిగే బ్రష్షులా ఉంటాయి. కోడలు దాన్ని చూసి బాగుందనే అంది. బాగుందని తలుపు వెనక పెట్టింది.

క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే కొడుకును లేపాను. "నడువ్. సర్వె చెట్టు తెద్దాం."

"బందు అమ్మా. బండి తీస్తే అద్దాలు పోతయ్."

"అద్దాలు పోతే కొత్తవి వేయించుకుందువు. పెండ్లాం పోతే?"

వాడు చొక్కా వేసుకున్నాడు.

ముందు రింగు రోడ్డు పక్కన సర్వె కట్టెల అడ్డాకు పోయాం. నా తెలివి అంతే. చేపలు కావాలంటే చేపల బజారుకు పోతాం కదా. అడ్డావాడు షట్టరు సగం దించుకుని బీడీ తాగుతున్నాడు.

"ఆకులున్న సర్వె కట్టె ఉన్నదా?"

వాడు బీడీ తీశాడు. "ఏంది?"

"ఆకులతోని. కొమ్మలు కొట్టనిది."

"పెద్దమ్మా, నేను ఈ అడ్డా పెట్టినకాడి నుంచి ఆకుల కట్టె అడిగినోళ్లు ఎవ్వరు లేరు. ఆకు ఆడనే ఉంచుకుంటరు. మనకు కట్టెనే పంపుతరు."

"అన్నీ గట్లనే ఉన్నయ్ మనకు" అన్నాను. వాడు జై తెలంగాణ అన్నాడు. మేమూ అన్నాం. చెట్టు మాత్రం దొరకలేదు. తెరిచి ఉండే నర్సరీ చూసుకుందామంటే నాదర్‌గుల్ వైపు పొమ్మని వాడే చెప్పాడు.

నాదర్‌గుల్ పోయే తోవలో నర్సరీ ఒకటి తెరిచి ఉంది. నర్సరీ మనిషి కుండీలో ఒక చెట్టు చూపించాడు. అంతస్తులు అంతస్తులుగా, అన్ని పక్కలా ఒకే కొలతలో ఉంది. ఇదే అసలైన క్రిస్మస్ చెట్టు, విమానాల్లో పనిచేసేవాళ్లు కూడా తన దగ్గరే కొంటారు అన్నాడు. ముట్టుకుని చూశాను. ప్లాస్టిక్ దానికీ దీనికీ తేడా ఏమిటంటే దీనికి నీళ్లు పోయాలి. వద్దన్నాను. "సరుగుడు ఉందా?" అంటే, అది చెట్టులో లెక్కకాదమ్మా అన్నాడు.

ఇంకొంచెం ముందుకు పోతే ఒక జామతోట ఉంది. తోట చుట్టూ గాలికి అడ్డంగా ఏవో చెట్లు పొడుగ్గా, ఒక వరుసలో నిలబడి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే జుట్టు విరబోసుకున్న ఆడవాళ్లు క్యూలో నిలుచున్నట్టుంది. కొడుకు ఆటో ఆపాడు.

"గవే అమ్మా సర్వె. ఆమె ఫోన్ల చూపించింది నాకు."

దిగి దగ్గరికి పోయాను. బెరడు చూడగానే గుర్తుపట్టాను. ఎన్ని కట్టెలు మోయలేదు! తల పైకెత్తితే ఆకు. ఆకు అనడానికి లేదు. సన్నటి దారాలు. గాలి వస్తే ఉస్సుమని శబ్దం. ఇన్నేళ్లు నేను మోసింది దీన్నా అనిపించింది. ఒకటి రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాను. పైన చిన్న విమానం ఒకటి గిరగిరా తిరుగుతోంది. అక్కడ విమానం నడపడం నేర్పుతారు. కింద బస్సులు బందు, పైన ఎవడో డ్రైవింగు నేర్చుకుంటున్నాడు.

తోట కాపలా ముసలాయన వచ్చాడు. క్రిస్మస్‌కు ఒక చెట్టు కావాలన్నాం.

"గది కట్టెకు పనికొస్తది గని, చెట్టును ఏం జేస్కుంటరు?"

ఆయన మాట నాకు నచ్చింది. నాలాగే ఆలోచించే మనిషి. "నా కోడలుది ఆంధ్ర. గా పిల్లకు ఇది కావాలె" అన్నాను.

"గట్లనా? నాకు నల్గురు కోడండ్లు. ఒక్కతి నన్ను చెట్టు అడగలే. అంతా నగలే." ఆయన చెట్ల వరుస వైపు చెయ్యి ఊపాడు. "తీస్కపోండ్రి. సేటు దీన్ని ప్లాట్లు జేస్తనన్నడు. లొల్లి మొదలైంది, రేట్లు పడ్డయ్, చెట్లు బతికినయ్. మళ్ల రేట్లు లేస్తే ఎట్లయినా కొట్టుడే."

జామపళ్ల గంపలు చంపాపేట్ మార్కెట్లో దింపాలని మాత్రం షరతు పెట్టాడు. బందులో ఆయనకూ బండి దొరకలేదు. కొడుకు సరే అన్నాడు.

చెట్టు ఎంచడం పెళ్లిచూపుల కంటే కష్టమైంది. నిజానికి మావాడికి పెళ్లిచూపులు జరగనే లేదు. ఒకటి మరీ ఎత్తు, మా ఇంటి తలుపులోంచి దూరదు. ఒకటి సన్నం. ఒకదానికి నడుం వంకర. చివరికి ఒకటి నచ్చింది. నా తలకు జానెడు ఎత్తు. ముందు వైపు నిండుగా ఉంది. వెనక వైపు, తోట గోడ తగిలి, కొమ్మలే లేవు.

"ఎన్క బోడగుంది అమ్మా" అన్నాడు కొడుకు.

"నీకు సుత ఎన్క బోడగనే ఉంది. ఆ పిల్ల వద్దన్నదా? గోడకు ఆనించి పెడదాం."

ముసలాయన తెచ్చిన గొడ్డలి నేనే అందుకున్నాను. వాడు సిలిండర్లు మోస్తాడు కాని గొడ్డలి పట్టడం రాదు.

జామపళ్లు చంపాపేట్‌లో దింపి ఎల్బీ నగర్ వైపు వస్తుండగా వియ్యంకుడి ఫోను. విజయవాడ బస్సును హయత్‌నగర్‌లోనే ఆపేశారట. సగం నడిచి, సగం ఎవరి బండి మీదో ఎక్కి ఎల్బీ నగర్ చౌరస్తాకు చేరాడు. ఒక మూసిన దుకాణం మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని చెప్పాడు. మేము సందుల్లోంచి అక్కడికి పోయాం.

చౌరస్తా మొత్తం జనం. వంటావార్పు నడుస్తోంది. అంటే, రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం. బండ్లు ఆగాలి, మనుషులు తినాలి. నేను చూసిన ధర్నాల్లో నాకు బాగా నచ్చింది అదే. మిగిలినవాటిలో ఆకలవుతుంది.

వియ్యంకుడు మెట్లు దిగి వచ్చాడు. "వందనాలు అక్కయ్యగారూ" అన్నాడు. నాకంటే పెద్దవాడు. నన్ను అక్కయ్య అంటాడు. వాళ్ల వైపు మర్యాద అంతే, వయసు తగ్గించుకోవడం అనుకుంటాను. తర్వాత ఆటోలోకి చూశాడు. సంచి కింద పెట్టేశాడు.

"సరుగుడా?"

"అవునన్నా. నీ బిడ్డ కోసం."

ఆయన మొహం మెత్తబడిందో లేదో చూసేలోపే, "మొదలుకి తడిగుడ్డ కట్టలేదేంటండీ? ఎండిపోద్ది" అన్నాడు. పొద్దున్నుంచి తిరిగి తెచ్చినదాన్ని. వియ్యంకుడు కదా, సంచి అందుకుని ట్రాలీలో పెట్టాను.

ఇంతలో కండువాలు వేసుకున్న పోరగాండ్లు ఒక గుంపు మా ఆటో వైపు ఉరికివచ్చారు. నేను భయపడ్డాను. వాళ్లు చప్పట్లు కొట్టారు.

"శభాష్ అవ్వా! చెట్టు తెచ్చినవ్!"

"గిది ఉండాలె ఉద్యమం అంటే! దింపుర్రి, దింపుర్రి! గా హైవేకు అడ్డం ఎయ్యుర్రి!"

రోడ్డుకు అడ్డం వెయ్యడానికి నేను చెట్టు కొట్టుకొచ్చానని అనుకున్నారు. అనుకోరా మరి? బందు రోజు ఒక ముసలిది ట్రాలీలో నరికిన చెట్టు వేసుకుని చౌరస్తాకు వస్తే ఇంకేమనుకుంటారు. ఇద్దరు మొదలు పట్టుకున్నారు. నేను ట్రాలీ ఎక్కి చెట్టు మీద కూర్చున్నాను.

"ఇది రోడ్డుకు గాదు. క్రిస్మస్‌కు."

"క్రిస్మస్ రేపు గదా అవ్వా. ఇయ్యాల రోడ్డుకుండనియ్, రేపు తీస్కపో."

"నాకు తెలంగాణ కావాలె. చెట్టు కూడా కావాలె. రెండిట్ల ఒక్కటి ఇడిసిపెట్టుమంటే ఇడిసిపెట్ట."

"గట్లంటే ఎట్లవ్వా!" అంటూ ఒకడు కొసను పట్టి లాగాడు. అప్పుడు మా వియ్యంకుడు నోరు విప్పాడు. అసలు విప్పొద్దని చెబుదామనుకుంటూనే ఉన్నాను.

"బాబూ, అలా లాగకండి. కొన విరిగిపోద్ది."

ఆ ఒక్కమాటకు అందరూ ఆగిపోయారు. లాగేవాడి చెయ్యి అలాగే ఉంది.

"ఏ ఊరు పెద్దాయనా?"

"బాపట్ల దగ్గరండీ."

వెనక నుంచి ఎవడో అన్నాడు, "పంపియ్యుర్రి వాన్ని ఆడికే!"

"పంపుదాం" అన్నాను చెట్టు మీద నుంచే. "నా వియ్యంకుడు. పంపుదామనే ఉన్న. బస్సులన్ని మీరే ఆపితిరి. ఎట్ల పంపుతవ్, భుజాల మీద మోస్కపోతవా?"

నవ్వారు. అందరూ కాదు. ఆ అన్నవాడు నవ్వలేదు. కొసను పట్టుకున్నవాడు మాత్రం వదిలేశాడు. "వియ్యంకుడా! ముందుగాల చెప్పాలె గదవ్వా. వియ్యంకున్ని బువ్వ పెట్టకుండ పంపుతరా ఎవ్వలన్న?" అని ఆయన రెక్క పట్టుకుని వరుసలో కూర్చోబెట్టాడు. కొడుకునూ కూర్చోబెట్టారు. నేను చెట్టు దిగలేదు, నా విస్తరాకు ట్రాలీలోకే అందించారు.

అన్నం, పప్పుచారు. వియ్యంకుడు తల వంచుకుని తిన్నాడు. వడ్డించే ఆమె వస్తే, "కొంచెం మజ్జిగ ఉంటుందాండీ?" అన్నాడు. పక్కనున్న పోరగాడు, "అదీ మేమే ఇయ్యాల్నా!" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆయన కూడా పెదవి కదిపినట్టు అనిపించింది.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. అటు దిల్‌సుఖ్‌నగర్ వైపు పెద్ద శబ్దం. ఎవరో ఆగి ఉన్న బస్సు అద్దం పగలగొట్టారు. విజిళ్లు మోగాయి. విస్తళ్లు తొక్కుకుంటూ జనం అటూ ఇటూ ఉరికారు. ఎవడో మా ట్రాలీ ఎక్కి అవతలికి దూకాడు. చెట్టు కొన విరిగింది. కొడుకు బండి తిప్పాడు. నేను ఒక చేత్తో చెట్టును, ఒక చేత్తో వియ్యంకుణ్ని పట్టుకున్నాను. ఆ పిల్ల మాతో వచ్చి ఉంటే? కడుపుతో ఈ ట్రాలీలో ఉండి ఉంటే? ఇల్లు చేరేదాకా అదే ఆలోచన.

ఇంట్లో కోడలు తండ్రిని చూసి ఏడ్చింది, చెట్టును చూసి నవ్వింది. ముందు ఏది చేసిందో గుర్తులేదు. పెద్ద పెయింటు డబ్బాలో తండ్రి ఇసుక పోసి, తడిపి, చెట్టును నిలబెట్టాడు. నేను చెప్పినట్టే బోడ వైపు గోడకు వచ్చింది. వంటిల్లు పోగా ఒకే గది మాది. చెట్టు పెట్టాక మనుషులకు మిగిలింది సగం.

సోకు చేయడం మొదలుపెట్టాం. కోడలు దూది తీసి కొమ్మల మీద పరిచింది.

"దూది ఎందుకు బిడ్డా?"

"మంచు అత్తయ్యా."

"మీ ఊళ్ల మంచు పడ్తదా?"

"లేదు."

"ఈడ పడ్తదా?"

"లేదు."

సరే అని ఊరుకున్నాను. నేను బంతిపూల దండలు తెప్పించాను. కింద పెద్ద చుట్టు, పైన ఇంకొంచెం చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. పసుపు ఒక వరుస, ఎరుపు ఒక వరుస. నా చేతులు ఎలా పోతే అలా పెట్టుకుంటూ పోయాను. కొంచెం వెనక్కి జరిగి చూశాక కోడలే అంది, "అత్తయ్యా, ఇది బతుకమ్మలా ఉంది."

ఉంది మరి. చిన్నప్పుడు మా అమ్మతో కలిసి పేర్చిందే. పూలిస్తే నా చేతికి వచ్చేది అదొక్కటే. తీసెయ్యాలా అని అడిగితే, ఉండనివ్వండి అని విరిగిన కొనకు నక్షత్రం కట్టింది. సాయంత్రం పాటలు పాడుకుంటూ చర్చివాళ్లు వచ్చారు. పాస్టరుగారు చెట్టును చాలాసేపు చూశారు. ఆ తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, గుమ్మం వైపు తిరిగాకే కళ్లు తెరిచారు. కేకు మాత్రం తిన్నారు.

వాళ్లు పోయాక వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. "అక్కయ్యగారూ, మధ్యాహ్నం చూశారుగా. మీరే చెప్పండి. పిల్లను ఇక్కడ ఎలా వదలను?"

నేను చెట్టు తెచ్చింది ఈ మాట ఆయన నోట రాకుండా ఉండటానికి. వచ్చేసింది. పైగా ట్రాలీలో వచ్చిన ఆలోచన ఇంకా పోలేదు.

"తీస్కపో అన్నా. నేను ఆపను. మంచిగ కాన్పు కానియ్, అటెన్క చూద్దాం" అన్నాను. అనేశాక లేచి నీళ్లు తాగాను.

కోడలు చేతిలో దూది ఉండ అలాగే ఉంది. "ఇద్దరూ కలిసి మూటకట్టేశారా నన్ను?" అంది. ఆ పిల్ల గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. "నన్ను ఒక్కరన్నా అడిగారా? నాన్నా, నువ్వు టీవీలో చూసి చెప్తావు. అత్తయ్యా, మీరు ఒక్కరోజు చూసి చెప్తారు. నేను ఈ నెలంతా ఆ రోడ్డు మీదే డ్యూటీకి పోయి వస్తున్నాను."

"బస్సుల్లేకుండా ఎలా పోతున్నావ్?" అన్నాడు తండ్రి.

"నడిచి."

తండ్రి నా వైపు చూశాడు. నేను కొడుకు వైపు చూశాను. కొడుకు చెట్టు వైపు చూశాడు. వాడు దింపి వస్తున్నాడనే నేను అనుకున్నాను అన్నాళ్లూ. బందు రోజు బండి తియ్యొద్దని ఆమే వాడికి చెప్పిందట, అద్దాలు పోతాయని.

"పండగ వెళ్లాక మొదటి బస్సుకి వెళ్తున్నాం. అంతే" అన్నాడు తండ్రి. ఆమె మిగిలిన దూది సంచిలో పెట్టేసింది.

పండగ పండగలా జరిగింది. చర్చికి పోయాం, కోడికూర తిన్నాం. తండ్రీకూతుళ్లు ఒకరికొకరు వడ్డించుకున్నారు, మాట్లాడుకోలేదు. మర్నాడు మళ్లీ బందు. కోడలు తెల్ల బట్టలు వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని గుమ్మం దిగింది.

"ఎక్కడికి?" అన్నాడు తండ్రి.

"డ్యూటీకి."

"నువ్వు వెళ్లట్లేదు."

"వెళ్తున్నాను నాన్నా. నైటు చేసినావిడ నేను వెళ్తే గాని ఇంటికి పోలేదు." చెప్పులేసుకుని నడిచింది. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, తన చెప్పుల కోసం వెతికాడు. ఒకటి చెట్టు కింద దొరికింది. కూతురు వెనకే పరుగెత్తాడు. సందు మలుపులో ఆమె చేతిలోంచి టిఫిను డబ్బా లాక్కోవడం కనిపించింది. ఆమెను ఇంటికి తీసుకొస్తాడనే అనుకున్నాను. మలుపు తిరిగి ఇద్దరూ కనిపించకుండా పోయారు.

నేను బట్టలు ఉతికాను. ఆమె పెట్టె దులిపి బయట పెట్టాను, పోయేదే కదా అని. మధ్యాహ్నం దాటాక ఆయన ఒక్కడే వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది. గడప మీద కూర్చున్నాడు.

"పిల్ల ఏదన్నా?"

"డ్యూటీలో ఉంది." నీళ్లు తాగాడు. కండక్టరు మనిషి కదా, ఏ స్టాపులో ఏం జరిగిందో వరసగా చెప్పాడు. చౌరస్తాలో అడ్డం కూర్చున్నవాళ్లు, 'సిస్టర్‌కు దారియ్యుర్రి' అని లేచి నిలబడ్డారట. ఒకడైతే ఆయన్ను గుర్తుపట్టి, మజ్జిగ తాగిపొమ్మన్నాడట. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర ఒకడు వెనక నుంచి ఏదో బూతు మాట అన్నాడట. ఆమె వెనక్కి తిరగలేదట. "నేను తిరిగాను. నాన్నా, టైమైపోతోంది అని నా చెయ్యి పట్టి లాక్కుపోయింది."

"దవాఖానల?"

"బెంచీ మీద కూర్చున్నానండి. ఎవరో డాక్టరు ఆమె మీద అరిచాడు. తిరిగి అరిచింది. ఆయనే తగ్గాడు." మొహం తుడుచుకున్నాడు. "మా ఇంట్లో అంత నోరు ఉండేది కాదు అక్కయ్యగారూ."

"మా ఇంట్ల కూడ లేకుండె. మొన్ననే విన్న."

ఆయన బయట పెట్టిన పెట్టెను చూశాడు. లేచి, దాన్ని తీసుకెళ్లి మంచం కిందికి తోశాడు. మళ్లీ వచ్చి గడప మీదే కూర్చున్నాడు.

"కాన్పుకి ఒక నెల ముందు నేనే వస్తాను. వాళ్లమ్మ ఉంటే వాళ్లమ్మ వచ్చేది. నాకు వంట వచ్చు. పిల్ల లేచి తిరిగేదాకా ఉంటాను." వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. "మీ ఇంట్లో చోటుంటుందా?"

"చెట్టు తీసేస్తే ఉంటది" అన్నాను.